కలరా ఉండల నుంచి క్లేటన్ దాకా

మా అమ్మాయి పన్నెండో తరగతి చివరి ఏడాదిలో ఉండగా ఒక రాత్రి భోజనాల దగ్గర, తను ఇంజనీరింగూ కంప్యూటర్సూ చదవననీ, ఫిజిక్సు చదువుతాననీ చెప్పింది. పప్పులో నెయ్యి వేసుకుంటున్నవాణ్ణి చెయ్యి ఆపేశాను. "అది చదివితే ఏమొస్తుందమ్మా?" అన్నాను. ఇక్కడ ఆస్ట్రేలియాలో మన తెలుగు ఇళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వినపడి ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పిల్ల జవాబు చెప్పకుండా లేచి చెయ్యి కడుక్కుంది. ఆ తరువాత రెండు వారాలు మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆగస్టులో మోనాష్ విశ్వవిద్యాలయం ఓపెన్ డే వచ్చింది. కారు నడపడానికి డ్రైవరు కావాలి కనుక నన్నూ తీసుకెళ్ళింది. భౌతికశాస్త్ర విభాగంలో గోడకి ఒక బొమ్మ వేలాడుతోంది. మా ఊళ్ళో మేదరవాళ్ళు అల్లే కోళ్ళగంప అల్లిక ఉంటుందే, మధ్యలో ఆరు పలకల కన్నాలూ చుట్టూ మూడు పలకల కన్నాలూ, అచ్చం అలాగే ఉంది. "ఇదేమిటి, గంపా?" అన్నాను. అది వెండి ఉపరితలం మీద రాగి పరమాణువులూ ఒక కర్బన అణువూ వాటంతట అవే చేరి అల్లుకున్న వల అనీ, మందం ఒక్క పరమాణువంత అనీ, రాగి అయస్కాంతం కాదు, ఆ అణువూ అయస్కాంతం కాదు, అయినా ఆ వలలో అయస్కాంతత్వం పుట్టిందనీ అక్కడి విద్యార్థి ఒకాయన ఓపికగా చెప్పాడు. ఆ అణువు పేరు డైసయనోఆంత్రసీన్. ఆంత్రసీన్ అంటే మూడు బెంజీన్ వలయాలు పక్కపక్కన అతుక్కున్న పలక. రెండే వలయాలైతే అది నాఫ్తలీన్, అంటే మన బీరువాల్లో పట్టుచీరల మధ్య పెట్టే కలరా ఉండ.

నేను ఇంజనీరింగు చదివి ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేరు రాస్తున్నవాణ్ణి. నాకు తెలిసిన అయస్కాంతత్వం హార్డ్ డిస్కుతో మొదలై హార్డ్ డిస్కుతోనే ఆగిపోయింది. ఆ గంప బొమ్మ మాత్రం నన్ను వదల్లేదు. వారాంతాల్లో చదవడం మొదలుపెట్టాను. చదవగా చదవగా తేలిందేమిటంటే, ఈ కథ మొదట్లోనే మన కృష్ణా జిల్లా మనిషి ఒకాయన ఉన్నాడు.

ఆయన సూరి భగవంతం గారు. ఆగిరిపల్లిలో 1909లో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకుని 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, ఉస్మానియా ఉపాధ్యక్షులుగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఆయన్ని మన పెద్దలు ఎరుగుదురు. కానీ 1929లో, ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసులో, ఆయన లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఒక్కరే ఒక వ్యాసం ప్రచురించారని ఎందరికి తెలుసు? దాని విషయం నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత ధర్మం. అక్షరాలా కలరా ఉండల మీద పరిశోధన!

నాఫ్తలీన్ సూదంటురాయికి అతుక్కోదు. పైగా అయస్కాంతం దగ్గరికి తెస్తే అతి స్వల్పంగా వెనక్కి జరుగుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. అణువు పలకలా ఉంటుంది కనుక దాని ఎలక్ట్రాన్లు ఆ పలక తలంలోనే హాయిగా తిరగగలవు. అందుచేత అయస్కాంత క్షేత్రం పలకకు నిలువుగా వచ్చినప్పుడు ప్రతిఘటన ఎక్కువ, అంచు వెంట వచ్చినప్పుడు తక్కువ. కాబట్టి స్ఫటికాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ దిక్కున ఎంత ప్రతిఘటిస్తోందో కొలిస్తే, లోపల కంటికి కనపడని పలకలు ఏ వాలున పేర్చి ఉన్నాయో ఊహించవచ్చు. గది తలుపు తెరవకుండా లోపల మంచం ఏ వైపు వేసి ఉందో చెప్పడం లాంటిది ఇది.

ఈ పద్ధతిని పూర్తి శాస్త్రంగా నిలబెట్టినవారు రామన్ గారి మరో శిష్యులు, తమిళులైన కె.ఎస్. కృష్ణన్. ఆయన 1928 చివర్లో ఢాకా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ బి.సి. గుహ, ఎస్. బెనర్జీ అనే ఇద్దరితో కలిసి సన్నని తీగకు స్ఫటికాన్ని వేలాడదీసి అయస్కాంత ధ్రువాల మధ్య అది ఎటు తిరుగుతుందో కొలిచే ఉపకరణాలు తయారు చేసుకున్నారు. ముగ్గురి పేర్లతో 1933లో రాయల్ సొసైటీవారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో పెద్ద వ్యాసం వచ్చింది. ఖరీదైన యంత్రాలు లేవు. ఒక తీగ, ఒక అయస్కాంతం, బోలెడంత ఓపిక.

ఆ గుహ గారే 1951లో రాగి అసిటేటు మీద ఒక వింత ప్రకటించారు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుపు ఉంచితే పచ్చగా చిలుము పడుతుంది కదా, ఈ లవణం దానికి దగ్గర చుట్టం. మామూలుగా ఇలాంటి రాగి లవణాలను చల్లబరిచే కొద్దీ అయస్కాంత స్పందన పెరగాలి. రాగి అసిటేటులో తగ్గిపోతోంది! అంటే లోపలి చిన్న చిన్న అయస్కాంతాలు ఎక్కడికో పోతున్నాయి. మరుసటి ఏడాది 1952లో ఆక్స్‌ఫర్డులో బ్లీనీ, బవర్స్ అనేవారు దీని గుట్టు విప్పారు. రాగి పరమాణువులు జంటలు జంటలుగా ఉన్నాయనీ, చలిలో ఆ జంటలో ఒకటి పైకీ ఒకటి కిందికీ తిరిగి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయనీ చెప్పారు. అప్పటికి ఆ జంటల్ని ఎవరూ చూడలేదు. 1953లో ఎక్స్‌రే చిత్రంలో అవి నిజంగానే జంటలుగా కనిపించాయి. రెండు పరమాణువులు, ఒక లంకె. గొలుసు కథ ఇక్కడే మొదలైందని నేననుకుంటున్నాను.

ఇక్కడ ఆస్ట్రేలియా రంగంలోకి వస్తుంది. న్యూ సౌత్ వేల్స్ పడమటి కొసన ఎడారి అంచులో బ్రోకెన్ హిల్ అనే గనుల ఊరుంది. అక్కడి వీధుల పేర్లు క్లోరైడ్ స్ట్రీట్, అయొడైడ్ స్ట్రీట్, ఆక్సైడ్ స్ట్రీట్, కోబాల్ట్ స్ట్రీట్. ఆ ఊళ్ళో 1917లో పుట్టిన పిల్లవాడు రసాయన శాస్త్రవేత్త కాక ఏమవుతాడు! రొనాల్డ్ నైహోమ్ అలాగే అయ్యాడు. ఆయన పేరు ఎక్కడో విన్నట్టుందంటే ఆశ్చర్యం లేదు. ఇంటర్మీడియట్‌లో అమ్మోనియా ఆకారం, నీటి అణువు వంపు అంటూ ఎమ్‌సెట్ కోసం మనం వల్లె వేసిన సిద్ధాంతం గిలెస్పీతో కలిసి 1957లో ఆయన చెప్పినదే. లోహం చుట్టూ అణువులు ఎలా చేరాయో తెలుసుకోవడానికి అయస్కాంత కొలతల్ని రోజువారీ పనిముట్టుగా మార్చినవారిలో ఆయన ముందువరసలోనివాడు. పరికరం చాలా సాదా. త్రాసుకు ఒకవైపు గాజు గొట్టంలో పొడి వేలాడదీసి, దాని కిందిభాగం అయస్కాంతం ధ్రువాల మధ్య ఉండేలా పెట్టి, అయస్కాంతం ఉన్నప్పుడూ లేనప్పుడూ తూకం ఎంత మారిందో చూడడమే. ఆ త్రాసుల్ని సరిచూసుకోవడానికి నమూనాగా వాడదగిన పాదరసం–కోబాల్టు లవణం ఒకదాన్ని నైహోమ్, బ్రయన్ ఫిగ్గిస్ కలిసి 1958లో ప్రకటిస్తే, ప్రపంచమంతటా ప్రయోగశాలలు దాన్నే వాడాయి. నైహోమ్ లండన్‌లో స్థిరపడి, సర్ బిరుదు పొంది, 1971లో కారు ప్రమాదంలో పోయారు.

అదే ఫిగ్గిస్, మెల్‌బోర్న్‌కు చెందిన రే మార్టిన్‌తో కలిసి 1956లో గుహ గారి రాగి అసిటేటును మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. రెండు రాగి పరమాణువులూ నేరుగా ఒకదానితో ఒకటి బంధం కట్టుకుంటున్నాయని వాదించారు. ఆ వాదన నిలవలేదు. మధ్యలో ఉన్న అసిటేటు అణువులే వంతెనల్లా కబురు అటూ ఇటూ మోస్తున్నాయని తరవాతివారు తేల్చారు. అయినా వాళ్ళ కొలతలు నిలిచాయి, అవి లేవనెత్తిన ప్రశ్న ఒక తరానికి పని కల్పించింది. శాస్త్రంలో తప్పుచెప్పినవాడికి కూడా పీట వేస్తారు, కొలత సరిగ్గా ఉంటే చాలు. మా సాఫ్ట్‌వేరులో అలా జరగదు లెండి.

1970 నాటికి మార్టిన్ మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. తరువాత 1977 నుంచి 1987 దాకా మోనాష్‌కు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆయనా, బరక్లో అనే సహోద్యోగీ, ఇండియా నుంచి వచ్చిన సమరేశ్ మిత్రా, అమెరికాలోని షేర్‌వుడ్ కలిసి 1970లో మాంగనీసు థాలోసయనిన్ మీద ఒక వ్యాసం ప్రచురించారు. కృష్ణన్ గారి ఢాకా బాటలోనే, స్ఫటికాన్ని దిక్కు దిక్కుకూ తిప్పి కొలవడం.

ఈ థాలోసయనిన్ పుట్టుక కూడా ఒక కథ. 1928లో స్కాట్లాండులోని గ్రేంజ్‌మౌత్ రంగుల కర్మాగారంలో ఒక పెద్ద పాత్ర లోపలి గాజు పూత పగిలి, దాని ఇనుము బయటపడింది. తెల్లగా రావలసిన సరుకులో నీలి మరకలు కనిపించాయి. మరొకరైతే పాత్ర మార్చి, పనివాణ్ణి తిట్టి ఊరుకునేవారు. అక్కడివాళ్ళు ఆ నీలి పొడిని దాచారు. తరువాత లిన్‌స్టెడ్ అనే ఆయన దాని నిర్మాణం తేల్చారు. నాలుగు రేకుల పువ్వులాంటి చదునైన అణువు, సరిగ్గా మధ్యలో ఒక లోహ పరమాణువు. రాగి పెడితే చెక్కుచెదరని నీలం రంగు, అచ్చు సిరాల్లోనూ గోడ రంగుల్లోనూ నేటికీ అదే. ఇనుమో మాంగనీసో పెడితే అయస్కాంతం.

ఈ పువ్వులు స్ఫటికంలో ఒకదాని మీద ఒకటి కాస్త జారి పేర్చుకుంటాయి, తమలపాకుల కట్ట అంచు లాగి చూపినట్టు. అప్పుడు మధ్యలోని మాంగనీసు పరమాణువులన్నీ వరసగా ఒక గొలుసు అవుతాయి. దాదాపు మైనస్ 265 డిగ్రీల చలిలో ఈ పదార్థం నిజమైన అయస్కాంతమవుతుందని మెల్‌బోర్న్ బృందం చూపింది. కొలిమిలో పోతపోసిన లోహం కాదు. రంగుల అణువులతో చేసిన అయస్కాంతం. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

కానీ గొలుసు అనగానే ఒక పాత శాపం అడ్డొస్తుంది. ఎర్నెస్ట్ ఐసింగ్ అనే జర్మన్ విద్యార్థి 1924లో తన సిద్ధాంత వ్యాసంలో, ఒకే వరసలో పేర్చిన చిన్న అయస్కాంతాలు ఎంత కొంచెం వేడి ఉన్నా సరే ఒకే దిక్కున నిలబడలేవని గణితంతో నిరూపించారు. దీన్ని ఇలా చూడండి. తిరుపతి క్యూలో అందరూ ముందువాడి వీపు చూస్తూ నిలబడ్డారు. ఒక్కచోట ఒకడు వెనక్కి తిరిగాడనుకోండి, వాడి వెనకవాళ్ళందరూ వాణ్ణి చూసి తిరుగుతారు. విరిగింది ఒక్క లంకె, నష్టం చిన్నదే, కానీ సగం క్యూ తిరిగిపోయింది. ఆ లంకె ఎక్కడైనా విరగవచ్చు కనుక పొడవాటి క్యూలో ఎక్కడో ఒకచోట విరిగే తీరుతుంది. చేపల వల అలా కాదు. ఒక ముడి తెగినా పక్క ముడులు పట్టుకుంటాయి. అందుకే మెల్‌బోర్న్ స్ఫటికం అయస్కాంతం కాగలిగింది. అక్కడ గొలుసుల పక్కన గొలుసులున్నాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఐసింగ్ మాత్రం వలకూ ఇదే గతి అని పొరబడ్డారు. తరువాత ఆయన బడి పంతులయ్యారు, యూదుడు కావడంతో హిట్లర్ కాలంలో దేశం విడిచి, యుద్ధం ముగిశాక అమెరికా చేరి అక్కడ పాఠాలు చెప్పుకున్నారు. తన లెక్క ప్రపంచమంతా వాడుతోందని ఆయనకు ఎన్నో ఏళ్ళ తరువాత గానీ తెలియలేదు. వలస వెళ్ళిన మనబోటివాళ్ళకి ఈ ముక్క దగ్గర కాస్త మనసు ఆగుతుంది.

మరి ఒంటరి గొలుసును లోహపు పీట మీద పరిస్తే? 2002లో గాంబర్దెల్లా, ఆయన సహచరులు ప్లాటినం ఉపరితలాన్ని మెట్లు మెట్లుగా కోసి, ప్రతి మెట్టు అంచు వెంట కోబాల్టు పరమాణువులను వరసగా నిలబెట్టారు. మైనస్ 258 డిగ్రీల దగ్గర ఆ ఒంటి వరస అయస్కాంతంలా ప్రవర్తించింది. ఐసింగ్ లెక్క తప్పలేదు. అనంతకాలం ఆగితే ఆ గొలుసు కూడా దిక్కు మరచిపోతుంది. కాకపోతే కింది ప్లాటినం ప్రభావం వల్ల ప్రతి పరమాణువుకూ ఒక ఇష్టమైన దిక్కు ఏర్పడి, అటునుంచి ఇటు తిరగడానికి గట్టు దాటవలసి వస్తుంది. ఆ గట్టు దాటేలోపల మన ప్రయోగం అయిపోతుంది. మా కంప్యూటర్ జ్ఞాపకాలన్నీ అంతే, శాశ్వతం ఏదీ లేదు, మన అవసరం తీరేదాకా నిలిస్తే చాలు.

అయితే ఈ పీట ఎప్పుడూ స్నేహితుడు కాదు. లోహంలో ఎలక్ట్రాన్లు సముద్రంలా తిరుగుతుంటాయి. మీద ఒక అయస్కాంత అణువును పెడితే చల్లబడేకొద్దీ ఆ ఎలక్ట్రాన్లు దాని చుట్టూ మూగి దాని దిక్కును కప్పేస్తాయి, కొత్త అల్లుణ్ణి మాట్లాడనివ్వకుండా చుట్టూ చేరే బంధువుల్లా. 1934లో లైడెన్‌లో బంగారు తీగను అతిగా చల్లబరిస్తే విద్యుత్ నిరోధం తగ్గడం మాని పెరిగింది. కారణం బంగారంలోని చిటికెడు అయస్కాంత కల్తీ అనీ, ఆ నిరోధం ఎలా పెరుగుతుందో 1964లో జున్ కొండో చెప్పారు. పేరు వినగానే మనకి నవ్వు వస్తుంది గానీ ఆయన జపానీయుడు.

ఇక క్లేటన్. అగుస్తీన్ షిఫ్రిన్ గారి బృందం మోనాష్‌లో వెండి ఉపరితలం మీద అణువులనూ ఇనుప పరమాణువులనూ చల్లి, అవి తమంతట తాము గొలుసులుగా కూర్చుకునేలా చేస్తోంది. 2018లో వాళ్ళు ప్రచురించిన గొలుసుల్లో ప్రతి లంకెలోనూ మూడు ఇనుప పరమాణువులు ఒకే గీత మీద నిలబడ్డాయి. అక్కడ వాళ్ళు వెతికింది విద్యుదావేశం ఎక్కడ పోగుపడుతుందన్నది, అయస్కాంతత్వం కాదు. చూడడానికి వాడే సాధనం 1981లో బిన్నిగ్, రోరర్ కనిపెట్టిన టన్నెలింగ్ సూక్ష్మదర్శిని. నిజానికి అది చూడదు, గుడ్డివాడి చేతికర్రలాగా సూదిమొనతో తడుముతుంది.

2021లో ఆ కోళ్ళగంప వచ్చింది. అది గొలుసు కాదు, వల. భౌతికశాస్త్రంలో దాని పేరు కగోమె, జపాను భాషలో బుట్ట అల్లికలోని కన్ను అని. 1951లో స్యోజి అనే జపాను శాస్త్రవేత్త వ్యాసంలో ఆ పేరు మొదట కనిపించింది. మేదరవాళ్ళు చదువుకుని ఉంటే మన పేరే ఉండేదేమో! ఈ అల్లికలో ఎలక్ట్రాన్లు దాదాపు కదలలేక చతికిలబడతాయి. కదలలేనివి ఒకదాన్నొకటి బాగా తోసుకుంటాయి, జంట కట్టడానికి ఒప్పుకోవు. జంట లేని ఎలక్ట్రాన్ అంటే చిన్న అయస్కాంతమే. దానికి సాక్ష్యం ఎలా దొరికింది? కొండో గారి దయవల్లే. కింద ఉన్న వెండి ఎలక్ట్రాన్లు వచ్చి మూగడం కనిపించింది. అల్లుడు కనపడకపోయినా బంధువులు మూగారంటే లోపల అల్లుడున్నట్టే కదా. 2024లో ఇలాంటి వలనే రాగి మీద బోరాన్ నైట్రైడ్ పలుచటి పొర వేసి, దానిపై పరిచారు. బంధువులను ఆ తెర ఆపింది. అప్పుడు ఆ వలను విద్యుత్తు ప్రవహించని స్థితికీ, ప్రవహించే స్థితికీ మార్చవచ్చని చూపారు. స్విచ్ అన్నమాట. ఈ పనికి ఆసరాగా నిలిచిన ఫ్లీట్ అనే జాతీయ కేంద్రం మైకేల్ ఫ్యూరర్ నాయకత్వంలో 2017లో మొదలైంది. దాని లక్ష్యం తక్కువ కరెంటుతో నడిచే ఎలక్ట్రానిక్స్. మేము రాసే కోడ్ నడిచే డేటా సెంటర్ల కరెంటు ఖర్చు నాకు తెలుసు కనుక, "అది చదివితే ఏమొస్తుంది" అన్న నా ప్రశ్న ఆ కాగితాలు చదువుతుంటే గొంతులో అడ్డుపడింది.

భగవంతం గారి సంగతి ఇంకొకటి చెప్పాలి. కలరా ఉండల తరువాత ముప్ఫై అయిదేళ్ళకు, 1964లో, పంతులు అనే సహచరుడితో కలిసి ఆయన మళ్ళీ అయస్కాంతాల దగ్గరికే వచ్చారు. స్ఫటికాల సౌష్ఠవం 32 రకాలని పాత లెక్క. ప్రతి పరమాణువుకూ దిక్కు కూడా ఉందని లెక్కిస్తే అయస్కాంత స్ఫటిక తరగతులు 90 అవుతాయి. ఏ తరగతిలో ఏ అయస్కాంత ధర్మం ఉండవచ్చో, ఏది ఉండనే కూడదో సమూహ గణితంతో పట్టికలు వేశారు. వాల్తేరులో వెంకటరాయుడు గారితో కలిసి ఆ గణితం మీద 1948లోనే పుస్తకం రాసినవారు. ఆయన్ని మనం పదవులతోనే గుర్తుపెట్టుకున్నాం.

అమ్మాయి ఫిజిక్సులోనే చేరింది. నేను పెద్దగా ఒప్పుకున్నదీ లేదు, కాదన్నదీ లేదు. కాలేజీ ఫారం మీద సంతకం పెట్టి "కారు తాళాలు ఎక్కడ?" అన్నాను. మా ఇంట్లో రాజీ అంటే అదే.

మొన్న గరాజ్ సర్దుతుంటే 2003లో హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న సీడీల కట్ట దొరికింది. బయల్దేరే ముందు రాత్రంతా కూర్చుని ఘంటసాల పాటలు రాసుకున్న సీడీలు. అమ్మాయి ఒకటి తీసి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది. లేత ఆకుపచ్చగా ఉంది. "ఈ రంగు థాలోసయనిన్ నాన్నా, రాసుకునే సీడీల్లో అదే పూసేవాళ్ళు" అంది. పాత లాప్‌టాప్ వెతికి పెట్టి చూశాం. తొమ్మిది పాటలు పాడింది, పదోది దగ్గర ఆగిపోయింది.